ఎంఎంటీఎస్ సమీక్ష: లేటు కన్నా రద్దే ఖరీదు

హైదరాబాద్‌లో అయిదు రూపాయలకి టీ దొరకడం మానేసి చాలా కాలమైంది. ఎంఎంటీఎస్ లోకల్ రైలు టికెట్ మాత్రం ఇంకా అయిదు రూపాయల దగ్గరే మొదలవుతోంది. 2025లో మెట్రో ఛార్జీలు పెరిగాయి, దూరప్రాంత రైళ్ల ఛార్జీలూ పెరిగాయి, సబర్బన్ ఛార్జీల జోలికి మాత్రం ఎవరూ పోలేదు. ధర ఒక్కటే చూస్తే ఈ సర్వీసుకి అయిదుకి అయిదు మార్కులు వేసి ఊరుకోవచ్చు. పైగా బండి కదిలిందంటే వేగానికీ లోటు లేదు. లింగంపల్లి నుంచి నాంపల్లికి సుమారు ముప్పావుగంట. ఆఫీసు వేళల్లో అదే దూరం కారులో వెళ్లేవాళ్లు ఆ టైముకి చేరితే అదృష్టమే.

అయినా ఈ సమీక్షలో వచ్చిన మార్కులు అయిదుకి రెండున్నరే. పోయిన రెండున్నరలో లేటు వల్ల పోయింది అర మార్కు. మిగతా రెండూ రద్దుల వల్లే పోయాయి.

ఎందుకో లెక్క వేసి చూద్దాం. మెట్రోలో అయిదు నిమిషాలకో బండి వస్తుందనుకోండి. ఒకటి రాకపోతే మీకు పోయేది ఇంకో అయిదు నిమిషాలు. ఎంఎంటీఎస్‌లో మీ స్టేషన్‌కి అరగంటకో బండి ఉంటే, ఒకటి రద్దవగానే ఎడం గంటకి పెరుగుతుంది. మధ్యాహ్నం పూట, శివారు లైన్లలో అయితే రెండు గంటలు దాటినా ఆశ్చర్యం లేదు. పది నిమిషాలు లేటైన బండి మిమ్మల్ని ఆఫీసుకి పది నిమిషాలు ఆలస్యంగానైనా చేరుస్తుంది. రద్దయిన బండి వల్ల ఆ పూటంతా పాడవుతుంది. కాబట్టి ఈ సర్వీసుని "ఎంత లేటు" అని కొలవకండి. "ఇది రాకపోతే తర్వాతది ఎప్పుడు" అని కొలవండి. ఇంటికి దగ్గర్లో స్టేషన్ ఉందని ఫ్లాట్ తీసుకునేవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న కూడా ఇదే.

2003 ఆగస్టు 9న మొదలైన ఈ సర్వీసు తొలి దశలో ఫలక్‌నుమా, సికింద్రాబాద్, నాంపల్లి, లింగంపల్లిని కలిపింది. కరోనాకి ముందు రోజుకి 121 సర్వీసులు తిరిగేవి. 2020 మార్చిలో ఆగిపోయి, 2021 జూన్ 23న కేవలం పది సర్వీసులతో మళ్లీ మొదలైంది. తర్వాత మెల్లగా పెంచుకుంటూ వచ్చారు. ఈలోగా రెండో దశ లైన్లు వచ్చాయి. 2023 ఏప్రిల్ 8న మేడ్చల్, ఉందానగర్ వైపు కొత్త సర్వీసులు, 2024 మార్చి 5న మౌలాలి, సనత్‌నగర్ మీదుగా ఘట్‌కేసర్–లింగంపల్లి సర్వీసు ప్రారంభించారు. లైన్లయితే బాగా పెరిగాయి. బళ్లు ఆ లెక్కన పెరగలేదు. కాగితం మీద మ్యాప్ చూసి మురిసిపోయేవాళ్లు ఒకసారి టైమ్‌టేబుల్ కూడా తిరగేయాలి.

ఇక లేటు ఎక్కడ పుడుతుందో చూద్దాం. ముంబైలో చాలా మేర లోకల్స్‌కి విడిగా పట్టాలున్నాయి. ఇక్కడ సికింద్రాబాద్–లింగంపల్లి మధ్య ఉన్నవి రెండే లైన్లు, ఒకటి పోవడానికి, ఒకటి రావడానికి. వికారాబాద్, వాడి మీదుగా ముంబై వైపు వెళ్లే ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సు బళ్లు, ఎంఎంటీఎస్‌లు అన్నీ వాటి మీదే నడవాలి. ఎంఎంటీఎస్ ప్రతి రెండు కిలోమీటర్లకీ ఆగుతుంది, ఎక్స్‌ప్రెస్ ఆగదు. వెనకనుంచి ఎక్స్‌ప్రెస్ వస్తుంటే దాన్ని దాటించడానికి ఎంఎంటీఎస్‌ని పక్కన పెట్టాలి. పక్కన పెట్టడానికి లూప్‌లైన్లు (పక్క పట్టాలు) ప్రతి స్టేషన్లోనూ ఉండవు. బోరబండ, హైటెక్ సిటీలాంటివి రెండు ప్లాట్‌ఫాంలున్న హాల్టుల్లాంటి స్టేషన్లే. అందుకే మొదలయ్యే చోటే, అంటే లింగంపల్లిలోనో సికింద్రాబాద్‌లోనో, బండిని పట్టి ఉంచుతారు. ప్లాట్‌ఫాం మీద తలుపులు తెరుచుకుని ఖాళీగా నిలబడ్డ బండిని చూసి డ్రైవర్ టీకి వెళ్లాడని తిట్టుకునేవాళ్లుంటారు. అసలు సంగతి ఆయనకి సిగ్నల్ పడకపోవడం.

గూడ్సు బండి వెనకాల పడితే మరీ కష్టం. అర కిలోమీటరు పైన పొడవున్న బండి ఒకసారి ఆగి మళ్లీ వేగం అందుకోవడానికి చాలా సమయం తీసుకుంటుంది. అది దాటితేగాని వెనకున్న ఎంఎంటీఎస్‌కి సిగ్నల్ ఇవ్వరు. సనత్‌నగర్‌లో గూడ్స్ షెడ్డూ కంటైనర్ డిపో రెండూ ఉన్నాయి. ఆ యార్డులోకి బండి మళ్లుతున్నప్పుడు ఇటు భరత్‌నగర్, అటు ఫతేనగర్ వైపు ఆగడం మామూలే.

రెండో ముడి హుస్సేన్‌సాగర్ జంక్షన్. లింగంపల్లి నుంచి వచ్చే బండి బేగంపేట దాటాక నేరుగా సికింద్రాబాద్ వెళ్లొచ్చు, లేదా నెక్లెస్ రోడ్, ఖైరతాబాద్ మీదుగా నాంపల్లి వెళ్లొచ్చు. మన రైళ్లు ఎడమ లైను మీద నడుస్తాయి. నాంపల్లి కుడిచేతి వైపు. కాబట్టి నాంపల్లికి తిరిగే బండి ఎదురుగా సికింద్రాబాద్ నుంచి వచ్చే బండి దారికి అడ్డంగా పోవాలి. రెండూ ఒకే సమయానికి వస్తే ఒకటి ఆగాలి. బేగంపేటలో మామూలు హాల్టు ఆరు నిమిషాలు అయ్యిందంటే చాలాసార్లు ఇదే కారణం.

మూడోది సికింద్రాబాద్ ఔటర్ (స్టేషన్ బయటి సిగ్నల్). దీని గురించి తెలియని ప్రయాణికుడు జంట నగరాల్లో ఉండడు. స్టేషన్ కళ్లముందు కనిపిస్తుంటుంది, బండి కదలదు. కాజీపేట, కాచిగూడ, మేడ్చల్, బేగంపేట, ఇలా నాలుగు వైపుల నుంచి వచ్చేవన్నీ అవే ప్లాట్‌ఫాంల కోసం కాచుకుంటాయి. దూరం నుంచి వచ్చిన ఎక్స్‌ప్రెస్ సామాన్లు దింపుకుని, నీళ్లు పట్టుకుని, శుభ్రం చేసుకుని కదలడానికి పట్టే సమయం ఎంఎంటీఎస్‌కి అక్కర్లేదు, కానీ ముందున్నది కదిలితేనే దీనికి చోటు. స్టేషన్ పునర్నిర్మాణం కోసం 2025లో కొన్ని ప్లాట్‌ఫాంలు మూసి, చాలా రైళ్లని చర్లపల్లి, కాచిగూడ, నాంపల్లికి మార్చారు. దాంతో సికింద్రాబాద్ మీద భారం కొంత తగ్గినా, కాచిగూడ, నాంపల్లి వైపు ఒత్తిడి పెరిగింది. పని నడుస్తున్న స్టేషన్‌లో ఉన్న ప్లాట్‌ఫాంలూ తక్కువే. లింగంపల్లి–ఫలక్‌నుమా బండికి సికింద్రాబాద్ మధ్య స్టేషన్ కాబట్టి ఇటు లేటూ, అటు లేటూ రెండూ దానికే తగులుతాయి.

ఇంతవరకు చెప్పింది లేటు గురించి. అది రద్దుగా ఎలా మారుతుందన్నది చాలామందికి తెలియని సంగతి. ప్రయాణికుడికి పనికొచ్చేదీ ఇదే.

టైమ్‌టేబుల్‌లో మీకు కనిపించే ఒక్కో నెంబరుకీ ఒక్కో బండి విడిగా ఉండదు. ఒకే రేక్ (పెట్టెలన్నీ కలిపిన బండి) పొద్దున్నించి రాత్రిదాకా ఇటూ అటూ తిరుగుతుంది. లింగంపల్లి నుంచి ఫలక్‌నుమాకి ఒక నెంబరుతో వెళ్లి, అక్కడి నుంచి ఇంకో నెంబరుతో తిరిగొస్తుంది. దీన్ని రైల్వేవాళ్లు రేక్ లింక్ అంటారు. చివరి స్టేషన్‌లో డ్రైవరూ, గార్డూ (2022 నుంచి హోదా పేరు ట్రైన్ మేనేజర్) చివరలు మార్చుకోవాలి. పన్నెండు పెట్టెల బండి పొడవు పావు కిలోమీటరు. జనం నిండిన ప్లాట్‌ఫాం మీద ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచి, క్యాబ్ తెరిచి, బ్రేకులు పరీక్షించుకోవడానికి కొన్ని నిమిషాలు తప్పవు. తిరుగు ప్రయాణానికి పది నిమిషాల ఎడమే ఉండి, బండి పాతిక నిమిషాలు లేటుగా చేరితే, తిరుగు బండి బయల్దేరేటప్పటికే పావుగంటకి పైగా లేటు. ఆ లేటు తర్వాతి ట్రిప్పుకీ, దాని తర్వాతి ట్రిప్పుకీ పాకుతూ పోతుంది.

ఇంత లేటుని కంట్రోల్ ఆఫీసు రెండు రకాలుగా తీర్చగలదు. ఒకటి, బండిని మధ్యలోనే ఆపేసి అక్కడి నుంచే వెనక్కి తిప్పడం. ఫలక్‌నుమా దాకా పోవాల్సినది సికింద్రాబాద్‌లోనే ఆగిపోతుంది. ఇదే పాక్షిక రద్దు. రెండు, ఒక రానూ పోనూ జత మొత్తాన్ని ఎత్తేసి, రేక్‌ని తర్వాతి ట్రిప్పుకి టైముకి సిద్ధం చేయడం. అంటే పొద్దున తొమ్మిదికి జరిగిన రద్దు చాలాసార్లు సాయంత్రం బండి టైముకి రావడానికి వేసిన మందు. రైల్వే లెక్కలో అది సబబే కావచ్చు. తొమ్మిదింటి బండి కోసం నిలబడ్డవాడికి ఆ లెక్కతో పనేముంది?

దీని నుంచి ప్రయాణికుడు నేర్చుకోవాల్సిన చిట్కా ఒకటుంది. మీ బండి స్థితి చూడకండి, మీ బండిగా మారబోయే బండి స్థితి చూడండి. మీరు ఫలక్‌నుమాలో ఎక్కేవాళ్లయితే, అంతకుముందు లింగంపల్లి నుంచి ఫలక్‌నుమాకి వచ్చే బండి ఎక్కడుందో చూడండి. అది ఇంకా బేగంపేటలోనే ఉండి, మీ బండికి ఇరవై నిమిషాలే టైముంటే, యాప్‌లో మీ బండి పక్కన "ఆన్ టైమ్" అని పచ్చగా కనిపిస్తున్నా నమ్మకండి. బయల్దేరని బండికి ఆ యాప్‌లు టైమ్‌టేబుల్‌నే చూపిస్తుంటాయి. ఎంఎంటీఎస్ నెంబర్లు 47తో మొదలయ్యే అయిదంకెలు. ఎల్‌ఎఫ్ అంటే లింగంపల్లి నుంచి ఫలక్‌నుమా, ఎఫ్‌ఎల్ అంటే ఫలక్‌నుమా నుంచి లింగంపల్లి, ఎల్‌హెచ్, హెచ్‌ఎల్ కూడా ఆ వరసే (హెచ్ అంటే హైదరాబాద్ స్టేషన్, అదే నాంపల్లి). నాలుగు రోజులు గమనించి మీ బండికి ముందు వచ్చే జత నెంబరు ఏదో ఫోన్‌లో రాసి పెట్టుకుంటే, ఇంట్లోంచి బయల్దేరేముందే సంగతి తేలిపోతుంది.

రేక్ చెడిపోవడం ఇంకో కారణం. మూడేసి పెట్టెలు ఒక యూనిట్, అలాంటివి నాలుగు కలిపితే పన్నెండు పెట్టెల బండి. ఒక్కో యూనిట్‌లో మోటారు ఉన్న పెట్టె ఒకటి. ఒక మోటారు పెట్టె పనిచేయకపోయినా మిగతా మూడు బండిని లాగుతాయి, కానీ ప్రతి స్టేషన్ నుంచి వేగం అందుకోవడం మందగిస్తుంది. ఒక్కో స్టేషన్ దగ్గర 20 సెకన్లు ఎక్కువ పట్టినా, పదిహేను స్టేషన్లకి 5 నిమిషాలు పోయినట్టే. బండి నత్తలా కదులుతున్నప్పుడు అనుమానించాల్సింది దీన్నే. ముందరి బండి రద్దయినప్పుడు కూడా ఇదే లెక్క: రెండు బళ్ల జనం ఒకదాంట్లోకి ఎక్కాలి, అర నిమిషం హాల్టు చాలదు. ఆ ఇరుకు బండికి వెనకాల ఇంకోటి దగ్గరగా వస్తుంటే ఓపిక పట్టి అది ఎక్కడమే మేలు, సీటు కూడా దొరుకుతుంది. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా హైటెక్ సిటీలో సాయంత్రం ఎవరూ వినరనుకోండి.

రద్దుల్లో ముందే తెలిసేవీ, అప్పటికప్పుడు తెలిసేవీ అని రెండు రకాలున్నాయి. ముందే తెలిసేవి పట్టాల పనులు, సిగ్నలింగ్ పనుల కోసం ప్రకటించే బ్లాకులు (లైను మూసే సమయాలు). ఎక్కువగా ఆదివారాలు ఉంటాయి, మామూలుగానే ఆదివారం బళ్లు తక్కువ. యార్డుల్లో నాన్ ఇంటర్‌లాకింగ్ పని (సిగ్నళ్లకీ పట్టాలు మళ్లించే పాయింట్లకీ మధ్య ఉండే లంకెని తాత్కాలికంగా తీసి చేసే పని) పెట్టుకుంటే వరసగా కొన్ని రోజులు రద్దులు నడుస్తాయి. దక్షిణ మధ్య రైల్వే ఎక్స్ ఖాతాలో, పత్రికల జిల్లా పేజీల్లో ఆ నెంబర్ల జాబితా వస్తుంది. జాబితా చదివేటప్పుడు "పూర్తిగా రద్దు", "పాక్షికంగా రద్దు", "రీషెడ్యూల్" మూడూ వేరని గుర్తుంచుకోండి. పాక్షికంగా రద్దంటే ఏ రెండు స్టేషన్ల మధ్య రద్దో కూడా రాస్తారు. మీ స్టేషన్ ఆ మధ్యలో లేకపోతే మీకు బండి ఉన్నట్టే. ఆదివారం పరీక్షలు రాసే పిల్లలున్న ఇళ్లవాళ్లు శనివారం సాయంత్రమే ఈ జాబితా చూసుకోవాలి, లేదంటే పరీక్ష రోజున ఎంఎంటీఎస్ ఊసే ఎత్తకూడదు.

వానాకాలం సంగతి వేరు. నీళ్లు పట్టాల మట్టానికి వస్తే, పట్టా మీద బండి ఉందో లేదో కనిపెట్టే సర్క్యూట్లు తప్పుడు సంకేతం ఇస్తాయి. లైను ఖాళీగా ఉన్నా "నిండింది" అని చూపించి సిగ్నల్ ఎర్రగానే నిలబడుతుంది. చెట్టు కొమ్మ పైనున్న 25 వేల వోల్టుల తీగ మీద పడితే ఆ సెక్షన్‌కి కరెంటే పోతుంది. పెద్ద వాన మొదలైన మొదటి గంటలోనే నిర్ణయం తీసుకోండి, రెండో గంటకి రోడ్డు కూడా మీ చేతిలో ఉండదు.

ఏ యాప్ నమ్మాలి? రైల్వేవారి ఎన్‌టీఈఎస్‌లో రద్దులు, పాక్షిక రద్దుల జాబితా విడిగా ఉంటుంది, దానికి అది మేలు. 2025 జూలై 1న విడుదలైన రైల్‌వన్‌లో అదే సమాచారంతోపాటు టికెట్ కూడా తీసుకోవచ్చు. బండి ఇప్పుడు సరిగ్గా ఎక్కడుందో తెలియాలంటే గూగుల్‌వారి వేర్ ఈజ్ మై ట్రైన్ ఎక్కువ పనికొస్తుంది. అందులో బండి లోపల ఉన్నవాళ్ల ఫోన్లు సెల్ టవర్ల ద్వారా చోటు చెబుతాయి. ఆ బండిలో యాప్ తెరిచినవాళ్లు లేకపోతే మాత్రం దాని కబురూ అంత కచ్చితంగా ఉండదు. "ఇంత సేపటి క్రితం అప్‌డేట్" అని కింద రాసి ఉన్నది చూసి నమ్మండి. ఇరవై నిమిషాల పాత కబురు ఎంఎంటీఎస్‌కి పనికిరాదు. స్టేషన్ మైకు అన్నిటికన్నా ఆలస్యం, కానీ ప్లాట్‌ఫాం మార్పు మాత్రం దాంట్లోనే చెప్తారు. లింగంపల్లిలో మెట్ల దగ్గర నిలబడటం అలవాటు చేసుకోండి.

డబ్బు వాపసు మాటకొస్తే, అది లేదనుకోవడమే మంచిది. అన్‌రిజర్వుడ్ టికెట్ మీ అంతట మీరు రద్దు చేసుకుంటే మనిషికి 30 రూపాయలు కోస్తారు. పది రూపాయల టికెట్‌లో ముప్పై ఎలా కోస్తారో ఆలోచిస్తే నవ్వొస్తుంది. ఫోన్లో తీసుకున్న పేపర్‌లెస్ టికెట్ అసలు రద్దే కాదు. అందుకని బండి వస్తుందని తేలేదాకా టికెట్ తీయకండి. స్టేషన్ లోపలికి వచ్చేశాక యాప్ మామూలుగా టికెట్ ఇవ్వదు, గోడ మీదున్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఇస్తుంది. టికెట్ యాప్‌లోనే చూపించాలి, స్క్రీన్‌షాట్ చెల్లదు. ప్రయాణం ఎంతసేపట్లో మొదలుపెట్టాలో టికెట్ మీదే ఉంటుంది, రద్దయి గంటన్నర ఆగాల్సి వస్తే అది చూసుకోండి.

పాస్ తీసుకునేవాళ్లకి ఒక మాట. మూడు నెలల పాస్ ధర నెల పాస్‌కి 2.7 రెట్లు. అంటే మిగిలేది పదో వంతు. అయిదు రూపాయల దూరానికి అది లెక్కలోకే రాదు. కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు నెలకే తీసుకుని, ఎన్ని రోజులు బండి వచ్చిందో చూసుకోండి. బళ్లు రద్దయిన రోజులకి పాస్ డబ్బు తిరిగి రాదు. బండి రద్దయిందని బేగంపేటలోనో లింగంపల్లిలోనో ఆగిన ఎక్స్‌ప్రెస్ ఎక్కేస్తే ఎంఎంటీఎస్ టికెట్ అక్కడ చెల్లదు. పట్టుబడితే ఛార్జీ కాక కనీసం 250 రూపాయల జరిమానా.

మరి రద్దయినప్పుడు ఎటు పోవాలి? ఇది స్టేషన్‌ని బట్టి ఉంటుంది. భరత్‌నగర్, బేగంపేట, ఖైరతాబాద్, లక్డీకాపూల్, నాంపల్లి, మలక్‌పేటల్లో మెట్రో దగ్గర్లోనే ఉంది. ఇక్కడివాళ్లకి రద్దు అంటే జేబుకి చిల్లు మాత్రమే. చందానగర్, లింగంపల్లివాళ్లు షేర్ ఆటోలో మియాపూర్ మెట్రోకి పోవచ్చు. హైటెక్ సిటీ ఎంఎంటీఎస్, హైటెక్ సిటీ మెట్రో ఒకే పేరు కదా అని పక్కపక్కనే ఉంటాయనుకోవద్దు, మధ్యలో రెండు మూడు కిలోమీటర్లుంది. కొత్తవాళ్లు ఇక్కడే మోసపోతారు. డబీర్‌పుర, యాకుత్‌పుర, ఉప్పుగూడ, ఫలక్‌నుమాలకి మెట్రో ఇంకా రాలేదు, ఆర్టీసీ బస్సే గతి. ఆడవాళ్లకి 2023 డిసెంబరు నుంచి సిటీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం కాబట్టి వాళ్లు ఎంఎంటీఎస్ కోసం అరగంట నిలబడాల్సిన అవసరమే చాలా తగ్గింది.

లైన్ల వారీగా చెప్పాలంటే, బేగంపేట–లింగంపల్లి మధ్య ప్రయాణించేవాళ్లకే ఈ సర్వీసు నిజంగా సర్వీసు. నాంపల్లి బళ్లు, సికింద్రాబాద్ వైపు బళ్లు రెండూ ఆ ముక్క మీదే నడుస్తాయి కాబట్టి ఒకటి పోయినా ఇంకోటి వస్తుంది. దీనికి అయిదుకి మూడున్నర మార్కులు. సికింద్రాబాద్–ఫలక్‌నుమాకి రెండున్నర: బండి ఉంటే సుమారు నలభై నిమిషాల్లో పాతబస్తీ దాటిస్తుంది, కానీ సికింద్రాబాద్‌లోనే ఆగిపోయే పాక్షిక రద్దుల దెబ్బ దీనికే తగులుతుంది. మేడ్చల్‌కి ఒకటిన్నర. మేడ్చల్ దాకా డబుల్ లైన్ వేశారు గానీ ఆ పైన నిజామాబాద్ వైపు సింగిల్ లైనే, డబ్లింగ్ మంజూరైనా పూర్తి కావాలి. అటు నుంచి లేటుగా వచ్చిన ఎక్స్‌ప్రెస్ ఇటు అందరి టైమూ తింటుంది. ఘట్‌కేసర్ కథ ఇంకా విచిత్రం. మౌలాలి నుంచి అదనపు లైన్లు వేశారు, వాటి మీద తిరిగే ఎంఎంటీఎస్‌లే తక్కువ. పట్టాలకి అయిదు, సర్వీసుకి ఒకటి. ఉందానగర్ నుంచి విమానం అందుకోవాలనుకునేవాళ్లకి మార్కులు కాదు, హెచ్చరిక: ఆ పని చేయకండి.

ఫిర్యాదు చేయాలంటే రైల్ మదద్ యాప్‌లోనో, 139కి ఫోన్ చేసో చేయవచ్చు. "ఎంఎంటీఎస్ రోజూ లేటే" అని రాస్తే "సంబంధిత విభాగానికి పంపాం" అన్న జవాబుతో సరిపెడతారు. బండి నెంబరు, తేదీ, స్టేషన్, టైమ్‌టేబుల్ టైము, నిజంగా వచ్చిన టైము రాయండి. రద్దయితే ఆ సంగతి మీకు ఎన్నింటికి, ఎలా తెలిసిందో రాయండి. ప్రకటనే లేకపోతే అది విడిగా రాయండి, ఎందుకంటే బండి ఆపడానికి వాళ్ల దగ్గర కారణం ఉండొచ్చు, చెప్పకపోవడానికి ఉండదు. అదే నెంబరు వారంలో మూడుసార్లు పోతే మూడు తేదీలూ ఒకే ఫిర్యాదులో పెట్టండి.